బరువు లేని అంగీ

దర్జీకి కన్ను కుట్టడంలో వింతేమీ లేదు. సూదికి కన్నుంది, అతనికి కుట్టే అలవాటుంది. ఈ దర్జీకి మాత్రం ఆ జబ్బు తోడల్లుడి వల్ల వచ్చింది.

అత్తగారికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి మొగుడు దర్జీ, చిన్నమ్మాయి మొగుడు టైల్సు మేస్త్రీ. మామగారు పోయిన దగ్గర్నుంచి ఆదివారం భోజనానికి అందరూ ఆవిడ ఇంట్లోనే చేరతారు. పొడుగాటి బల్లకి గుమ్మం వైపు కొసన ఆవిడ కూర్చుంటుంది. ఆవిడ కుడిచేతి పక్క కుర్చీ దర్జీది. ఎవరూ రాసివ్వలేదు గానీ, కొడుకులు లేరా అని అడిగిన ఒక చుట్టానికి ఆవిడ ఆ కుర్చీ వైపు చూపించి, "ఇదుగో, వీడెవరనుకున్నారు" అంది. ఆ మాటని దర్జీ గుండె మీద జేబు కుట్టి దాచుకున్నాడు. కుమారుడు తండ్రి కుడిపక్కన కూర్చుని ఉన్నాడని చర్చిలో విన్నప్పుడల్లా అతనికి ఆ కుర్చీయే కళ్ళముందు మెదిలేది. భక్తి కాస్తా భుక్తిలోకి జారేది.

ఒక ఆదివారం ఆ కుర్చీలో మేస్త్రీ కనిపించాడు.

కూర్చోబెట్టుకున్నది అత్తగారే. మేస్త్రీ వెళ్ళే సంఘం హాల్లో బాప్తిస్మానికి కొత్త తొట్టి కట్టారు. దానికి నీలం టైల్సు పరిచింది అతనే. ఆవిడ వెళ్ళి చూసొచ్చింది, ముచ్చటపడింది. ఆ తొట్టిలో తాను బాప్తిస్మం తీసుకుంటానని భోజనం మధ్యలో చెప్పింది. ఎడమవైపు కూర్చున్న దర్జీకి పొలమారింది.

దర్జీ వెళ్ళే చర్చిలో పసిబిడ్డల నుదుట నీళ్ళు చిలకరిస్తారు, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేర. అత్తగారికీ పసితనంలో అదే జరిగింది. మేస్త్రీ సంఘంలో ఊహ తెలిసినవాళ్ళనే తీసుకుంటారు, నిలువునా ముంచుతారు, అదీ ఒక్క యేసు పేరునే. తండ్రీ ఆయనే, కుమారుడూ ఆయనే అంటారు. ఈ తేడాల మీద తోడల్లుళ్ళిద్దరూ కంచాల్లోవి చల్లారేదాకా వాదించుకున్నారు. ఒకసారి గట్టిగా కుట్టినదాన్ని విప్పి మళ్ళీ కుడితే గుడ్డకి చిల్లులే మిగులుతాయన్నాడు దర్జీ. పైపైన తడిపి అంటించిన టైలు ఊడి చేతికొస్తుందని, నానబెట్టిందే పట్టు పడుతుందని మేస్త్రీ. ఒళ్ళు, చేతులు, కాలరు వేరుగా కత్తిరించినా చొక్కా ఒక్కటే కదా అన్నాడు దర్జీ.

"తండ్రికీ కొడుక్కీ మధ్య గోడ మీరు కట్టుకున్నారన్నయ్యా," అన్నాడు మేస్త్రీ. "నేను గోడలకి టైల్సేస్తాను గానీ గోడలు కట్టను."

"మాది చిలకరింపు, మీది ముంచడం. కొంపలు ముంచేవాడికి ముంచడమే బాగుంటుంది తమ్ముడూ."

అత్తగారు గరిటె కింద పెట్టింది.

"నా నుదుట నీళ్ళు పడ్డప్పుడు గుక్కపట్టి ఏడ్చానట. నమ్ముతావా అని నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పే నోరు లేదు. ఈసారి 'ఊఁ' అని నా నోటితో నేననాలి నాయనా. మీ ఇద్దరిలో ఎవరు నెగ్గారో నాకెందుకు?" ఆపైన ఎడమవైపు తిరిగి, "ఆ రోజు వేసుకునే అంగీ మాత్రం నువ్వే కుట్టాలి," అంది.

దర్జీ ఆ రాత్రికి రాత్రే కుర్చీ మీద ఆశకి నీళ్ళొదులుకునేవాడే, ఈ చివరి మాట లేకపోతే. తొట్టి వాడిది, అంగీ నాది, చూసేవాళ్ళ కళ్ళు దేని మీద పడతాయో చూద్దామనుకున్నాడు. కొట్లో ఉన్నవాటిలో మేలిరకం తెల్లగుడ్డ దింపాడు. మామూలు అంగీకి పట్టేదానికి రెట్టింపు వెడల్పు పెట్టి, నడుము కింద గొడుగులా విచ్చుకునేలా కత్తిరించాడు. పెళ్ళాం చూసి, ఇది బాప్తిస్మానికా పెళ్ళికా అని అడిగింది. రెండిట్లోనూ పడేది నీళ్ళలోనే కదా అని దర్జీ జవాబు.

మధ్యలో మేస్త్రీ కొట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, తమ సంఘంలో అంగీ అంచు మడతలో సీసపు బిళ్ళలు వేసి కుడతారని, పరదాలకి వేస్తారే, అలాంటివని చెప్పాడు. దర్జీకి ఒళ్ళు మండింది. కుర్చీ లాక్కున్నవాడు ఇప్పుడు కత్తెర కూడా లాక్కోవడానికొచ్చాడనుకున్నాడు.

"నా అంచుకి బరువు నువ్వు చెబుతావా? నీ తొట్టి చూసుకో."

మేస్త్రీ వెళ్ళిపోయాడు. బిళ్ళలెందుకో అతను చెప్పలేదు, ఇతను అడగలేదు. బాప్తిస్మమంటే దర్జీ పుట్టి బుద్ధెరిగి చూసింది నుదుట పడే చుక్కలే. పొడినేల మీద నిలబడే మనిషికి కుట్టినట్టే కుట్టాడు.

ఆ రోజు హాలు నిండింది. అత్తగారు తెల్లటి అంగీలో మెట్ల దగ్గర నిలబడితే ముందు వరస ఆడవాళ్ళు ఎవరు కుట్టారని గుసగుసలాడారు. దర్జీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తొట్టిని ఎవరూ చూడటం లేదు. ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మేస్త్రీని అసలే చూడటం లేదు.

ఆవిడ మెట్లు దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటేసరికి అంగీ కిందికి గాలి చేరింది. వెడల్పంతా ఒక్కసారి ఉబ్బి, నీటి మీద తెల్లగొడుగులా విచ్చుకుంది. పాస్టరుగారు నమ్ముతావా అని అడుగుతూనే వెనక్కి వంచబోతే ఆవిడ మునగలేదు, తేలింది. అంచు నడుము దాకా లేచింది. ముందు వరసవాళ్ళు పైకప్పు చూడసాగారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఒక్క క్షణం దర్జీకి కడుపు చల్లబడింది. మేస్త్రీ తొట్టి నవ్వులపాలైంది కదా అని. మరుక్షణం చూస్తే బయటపడ్డ మోకాళ్ళు అత్తగారివి, ఉబ్బిన గుడ్డ తనది. ఆవిడ రెండు చేతులతో అంగీని కిందికి తోసుకుంటూ, తోసినకొద్దీ అది లేస్తుంటే, ఎటు చూడాలో తెలియక అల్లుళ్ళ కోసం వెతుకుతోంది. 'ఊఁ' అనాల్సిన నోట మాట లేదు.

దర్జీ బూట్లతోనే దిగాడు. మేస్త్రీ అందంగా ఉంటాయని నున్నటి టైల్సు పరిచాడాయె, మొదటి అడుగుకే కాలు జారి నిలువునా మునిగాడు. లేచి, దగ్గుతూ, ఆవిడ పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అంచు రెండు వైపులా గుప్పెళ్ళతో పట్టి కిందికి లాగాడు. వెయ్యని బిళ్ళల బరువంతా అతనే అయ్యాడు.

"ఇప్పుడు మళ్ళీ అడగండి," అన్నాడు, గడ్డం దాకా నీళ్ళలో.

పాస్టరుగారు యేసుని నమ్ముతావా అని అడిగారు. "ఊఁ," అంది అత్తగారు, హాలు చివరికి వినిపించేలా. ఆవిడతోపాటు దర్జీ కూడా ఇంకోసారి మునిగాడు. లేస్తూ ఆవిడ తూలి, అతని తల మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది.

తర్వాత ఎవరో దర్జీకి కూడా బాప్తిస్మం అయిపోయినట్టేనా అని అడిగారు. తాను అడగలేదు, ఆయన అనలేదు, ఆయన ఉత్తినే తడిశాడని పాస్టరుగారు తేల్చేశారు. దర్జీ ఊపిరి పీల్చుకున్నాడు. మునిగిపోయిందేమీ లేదు.

మధ్యాహ్నం భోజనానికి దర్జీకి పొడిబట్టలు లేవు. అత్తగారు అలమారు తీసి మామగారి చొక్కా ఇచ్చింది. భుజాలు వదులు. సరిచేసుకోవడం అతనికి చిటికెలో పని, అయినా చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. మేస్త్రీ ఆ చొక్కానీ, దాని బొత్తాల్నీ చూస్తూ ఉండిపోయాడు. కానీ కుడివైపు కుర్చీలో అతనే ముందుగా కూర్చున్నాడు. దర్జీ ఎడమవైపు సర్దుకున్నాడు.

అత్తగారు తడిజుట్టు విరబోసుకుని వచ్చింది. ఎండ తగలాలని గుమ్మం వైపు కుర్చీ వదిలేసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి కొసన కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు గానీ ఎడమ కుడైంది, కుడి ఎడమైంది.

మేస్త్రీ కాసేపు మెతుకులు కెలికాడు.

"నేనూ దూకేవాణ్ణే అత్తయ్యా, చేతిలో తువ్వాలుంది." కిటికీ వైపు చూశాడు. "మీ జుట్టు ఆరిపోయినట్టుంది. మీ చోటుకి వచ్చెయ్యండి, అక్కడ ఎండ కొడుతోంది."

"ఎక్కడారింది తమ్ముడూ? ముంచిన తల, నీ టైలులా బాగా నానింది," అన్నాడు దర్జీ. "చిలకరిస్తే ఈపాటికి ఆరిపోయేదే."

అత్తగారు జుట్టు వెనక్కి తడుముకుంది. కొసలు ఎండలో పొడిపొడిగా ఎగురుతున్నాయి. ఆవిడ మామగారి చొక్కా వైపు ఒకసారి చూసింది.

"ఇంకా తడిగానే ఉందిలే," అని, గరిటె అందుకుని ముందు కుడివైపు వడ్డించింది.