కిందింటి కప్పులో మంచం కోడు

వాచీలాయన రోజు మొదలయ్యేది భార్య మెడ కింద తువ్వాలు పరవడంతో. ముందు మొహం తుడిచేవాడు, తర్వాత ఒక పక్కకి ఒత్తిగిలబెట్టి వీపు తుడిచేవాడు, పక్కబట్ట మార్చేవాడు, దుప్పటి కప్పేవాడు, చివర్న జడ వేసేవాడు. ఆ జడ వేయడం మటుకు ఇప్పటికీ పట్టుబడలేదు. వెంట్రుకంత సన్నటి స్ప్రింగుల్ని చిన్న పట్టకారుతో సరిచేసే మనిషికి మూడు పాయల జడ లొంగలేదంటే నవ్వొస్తుంది గాని, ఆ ఇంట్లో నవ్వే ఓపిక ఎవరికీ లేదు. నరాల జబ్బు ఆవిడ దగ్గర్నుంచి కాళ్ళూ చేతులూ గొంతూ ఒక్కొక్కటే లాక్కుని, కుడిచేతి బొటనవేలొక్కటి వదిలేసింది.

ఆ వేలి కింద ఒక మీట ఉండేది. మీట తీగ వెళ్ళి కంప్యూటర్ వెనక గుచ్చిన కార్డులో కలిసేది. తెర మీద అక్షరాల వరసల వెంట ఒక వెలుగు నడుస్తూ పోతుంటే, కావాల్సిన అక్షరం మీదికి రాగానే ఆవిడ నొక్కేది. అలా కూడగట్టిన మాటని కంప్యూటర్ పైకి చదివేది.

ఒంట్లో బాగున్న రోజుల్లో ఆవిడ రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చునేది. బండి వెళ్ళిపోయిందా అని ఎవరైనా అడిగితే, వెళ్ళిపోయిందని చెప్పి ఊరుకునే రకం కాదు. తర్వాతి బండి ఎప్పుడో, అందులో చోటు దొరుకుతుందో లేదో, ఈలోపు ఏ బెంచీ మీద కూర్చుంటే గాలి తగులుతుందో, అన్నీ చెప్పి మరీ పంపేది. ఇంట్లోనూ అంతే. పెళ్ళయ్యాక వాచీలాయనకి నోరు విప్పాల్సిన అవసరమే పెద్దగా రాలేదు.

మీట వచ్చాక పాత్రలు తారుమారయ్యాయి. తెర మీద వెలుగుది నత్తనడక. ఆవిడ రెండక్షరాలు నొక్కేసరికి ఈయన అందుకునేవాడు. నీళ్ళు కదూ అని నీళ్ళు తెచ్చేవాడు, చలేస్తోందా అని దుప్పటి పైకి లాగేవాడు. ఉన్న ఒక్క వేలూ అరిగిపోతుందేమోనని ఆయన బెంగ. చాలాసార్లు సరిగ్గానే పట్టేసేవాడు కూడా. తప్పుగా అందుకున్నప్పుడు ఆవిడే సర్దుకునేది.

మంచం దిగబడ్డం అప్పట్నుంచే మొదలైంది.

లోపలే ఉండిపోయిన మాటలకి బరువుంటుంది కదా, మనిషిని నేలలోకి దింపేస్తాయి. కిందింటావిడ వాళ్ళ పెదనాన్న పడక్కుర్చీతో సహా వరండాలో నడుందాకా దిగబడితే, కొడుకుల్ని పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడిస్తే గాని పైకి రాలేదట. అందుకే తన వంటింటి కప్పులోంచి మంచం కోడు మొన తొంగిచూసినప్పుడు ఆవిడ కంగారు పడలేదు. పొయ్యిని కాస్త పక్కకి జరుపుకుని, మెట్లెక్కి వచ్చి, వదినగారిచేత ఇంకొంచెం మాట్లాడించండి అన్నయ్యగారూ అని చెప్పి వెళ్ళింది. రోజూ మాట్లాడుతూనే ఉంది కదా అనుకున్నాడు వాచీలాయన. గచ్చు నాసిరకమని ఇంటి యజమానిని నాలుగు తిట్టి, మంచం కింద చెక్కముక్కలు దూర్చాడు.

ఇంతలో గాలివాన వచ్చింది, పిడుగు పడింది, కార్డు మాడిపోయింది. ఆ ఉన్న కాస్త మాటా ఆగిపోయేసరికి మంచం పట్టెలదాకా దిగిపోయింది.

అదే అదనుగా బావమరిది ఫోన్ చేశాడు. అక్కని తన దగ్గరికి తీసుకుపోతానన్నాడు. అతని ఇల్లు నేల మీదే ఉంది, ఆస్పత్రి ఆ పక్క వీధిలోనే, భార్య అందులోనే నర్సు. నీ చెయ్యి దాటిపోయింది బావా, ఒకసారి జారవిడిచావు కూడా అన్నాడు. వాచీలాయన భార్య వైపు చూశాడు. స్నానాలగదిలో పడినప్పటి మచ్చ ఆవిడ నుదుటి మీద ఇంకా నల్లగానే ఉంది.

వెళ్తావా అని అడిగాడు. అవునైతే ఒకసారి, కాదైతే రెండుసార్లు నొక్కమని వట్టి మీట వేలి కింద పెట్టాడు. మీట టిక్కుమనలేదు. జన్మలో ఎవరికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పని మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకు చెబుతుంది? కానీ భయపడ్డవాడికి అంత ఆలోచన తట్టదు. వెళ్ళాలనే ఉంది, మొహం మీద చెప్పలేక ఊరుకుందని నిశ్చయించుకుని, ఆయన గోడ గడియారం కింద నిలబడి మొహం దాచుకోవడానికి కొంగైనా లేని ఏడుపు ఏడ్చాడు.

బావమరిది వస్తానన్న రోజు పొద్దున్నే కొత్త కార్డు గుచ్చాడు. పాత కంపెనీది బజారంతా తిరిగినా దొరకలేదు, వేరే కంపెనీది తెచ్చాడు. గుచ్చడం ఆయనకి ఎడంచేతి పని. మూత తీసి, దుమ్ము ఊది, గూట్లో కూర్చోబెట్టి, మర బిగించాడు. కంప్యూటర్ ఆన్ చేస్తే, కార్డు పేరుండాల్సిన చోట పసుపుపచ్చ గుర్తొకటి, పక్కన "గుర్తు తెలియని పరికరం" అని వచ్చింది. కళ్ళెదురుగా కూర్చున్న కార్డు ఎవరో తెలియదంటుందేమిటని ఆయనకి ఒళ్ళు మండింది.

కొట్టువాడికి ఫోన్ చేస్తే డ్రైవర్ ఎక్కించారా అనడిగాడు. కార్డు మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాం అట అది. నెట్‌లోంచి దింపి ఎక్కించాడు. ఈ పరికరం మొదలు కాలేదంది. తీసేసి మళ్ళీ ఎక్కించాడు. అదే మాట. మళ్ళీ ఫోన్ చేస్తే, ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడండి అన్నాడు కొట్టువాడు. చూశాడు. కార్డు ఊడదీసి పక్క గూట్లో పెట్టి చూశాడు. వాచీ అయితే భూతద్దం కంటికి బిగించుకుంటే జబ్బేదో పళ్ళ చక్రం దగ్గరే కనబడిపోతుంది. ఈ డ్రైవరనేది పట్టకారుకి దొరకదు, వేలికి తగలదు. అన్నం నోటికి పోలేదు.

బావమరిది ఇద్దరు మనుషుల్నీ స్ట్రెచరునీ వెంటబెట్టుకుని వ్యానులో వచ్చాడు. ముగ్గురూ కలిసి ఆవిడని ఎత్తబోయారు. ఊపిరి బిగించారు, నడుములు వంచారు, పక్కబట్ట పర్రుమని చినిగింది గాని మనిషి అంగుళం లేవలేదు. వచ్చినవాళ్ళలో పెద్దాయన చెమట తుడుచుకుని, ఈ బరువు మా వల్లయ్యేది కాదు, ముందు చెప్పించుకోవాల్సింది చెప్పించుకోండి అన్నాడు. బావమరిది నేల మీద చతికిలబడ్డాడు.

"అంత బరువేం దాచుకున్నావే అక్కా లోపల?"

ఆవిడ చూపు కంప్యూటర్ పెట్టె మీదే ఉంది.

"బావా, ఆ పెట్టె పలికితే సరే సరి. పలక్కపోతే ఇక్కడే ఉండనిద్దాం. నేల పగలగొట్టి పట్టుకుపోలేం కదా" అని బావమరిది వసారాలోకి వెళ్ళాడు.

ఇక్కడే ఉండనిద్దాం అన్న మాట వాచీలాయన చెవిలో తేనె పోసినట్టయింది. ఆ తియ్యదనం ఆయనకే సిగ్గనిపించి మళ్ళీ తెర వైపు తిరిగాడు.

నెట్‌లో ఎవరో ఇదే బాధ పడ్డవాడు రాసింది దొరికింది. దాచిన పరికరాలు కూడా చూపించమని కంప్యూటర్‌ని అడగాలట. అడిగాడు. జాబితాలో పాత కార్డు పేరు వెలిసిపోయిన రంగులో కనబడింది. కార్డు చూస్తే చెత్తబుట్టలో ఉంది, దాని డ్రైవర్ మాత్రం లోపల కుర్చీ పట్టుకుని కూర్చుని కొత్తదాన్ని రానివ్వడం లేదు. పాతదాన్ని పేరుతో సహా తుడిచి, ఆపి ఆన్ చేశాడు. పసుపు గుర్తు పోయింది. అక్షరాల ప్రోగ్రాం తెరిస్తే మీట దొరకలేదంది. ఈసారి ఎందుకో తెలిసిపోయింది. ప్రోగ్రాం మీట కోసం మూడో నంబరు ద్వారం, అదే పోర్టు, దగ్గర కాచుకుని ఉంది, కొత్త కార్డు అయిదో నంబరులో వచ్చి కూర్చుంది. కార్డుకి అయిదు తీసి మూడు పెడితే అయిపోతుంది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మూడు పెడితే ఆవిడ పలుకుతుంది. పలికితే వెళ్తానంటుంది. పెట్టకపోతే ఏ మొనగాడూ ఆవిడని ఇక్కడినుంచి కదపలేడు.

"ఏమైంది బావా?" వసారాలోంచి బావమరిది అడిగాడు.

"లాభం లేదురా. అవ్వట్లేదు."

స్ట్రెచరు మడిచిన చప్పుడు వినబడింది. దాని వెనకే గచ్చు కిర్రుమంది. మంచం ఇంకొంచెం దిగింది.

"అన్నయ్యగారూ, కోడు పొయ్యి దాకా వచ్చేసింది" కిందనుంచి కేకేసింది కిందింటావిడ. "బల్ల మీద బల్ల పెట్టి ఆపుతున్నాను గాని, ఎంతసేపాగుతుందో చెప్పలేను."

వాచీలాయన తిరిగి చూస్తే భార్య కనబడలేదు. లేచి నిలబడి కిందికి వంగి చూస్తే కనబడింది. ఆవిడ మొహం నేల మట్టానికి దిగిపోయింది. కళ్ళు ఇంకా తెరనే వెతుకుతున్నాయి. ఈయన అబద్ధమాడాడని ఆ కళ్ళకి తెలుసో తెలియదో గాని ఈయనకి తెలుసు. దగ్గరుంచుకుంటున్నానన్న పేరుతో బతికున్న మనిషిని నట్టింట్లో పాతిపెడుతున్నానని అర్థమైంది. తెర తీసి నేల మీద పెట్టి, ఆవిడ పక్కన బోర్లా పడుకుని, అయిదు తీసి మూడు పెట్టాడు.

వెలుగు కదిలింది. ఆవిడ మొదటి అక్షరం నొక్కింది, రెండోది నొక్కింది. అలవాటుగా ఆయన నోరు తెరుచుకుంది. చప్పున పట్టకారు తీసి పళ్ళ మధ్య పెట్టుకుని కొరికి పట్టాడు. వెలుగు వరసలన్నీ తిరిగి తిరిగి వచ్చింది.

"దుప్పటి వద్దు" అంది కంప్యూటర్. "ఎప్పుడూ వద్దు. ఉక్క."

మంచం కాస్త లేచింది. ఆయన దుప్పటి తీసి విసిరేశాడు.

ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. జడ కుడివైపుకి లాగుతోందంది. గోడ గడియారం వెనకబడిందని, వాచీలాయన ఇంట్లోనే ఇలాగంటే నలుగురూ నవ్విపోతారంది. పడిపోయిన రోజు స్నానాలగదిలో నేల తడిగా ఉందని చెప్పబోయానంది, తడి అనేసరికే నువ్వు లేచి తువ్వాలుకి పరిగెత్తావంది. ఆ ముక్కకి మంచం జానెడు లేచింది. ఒక కోడు పైకి వెళ్ళిపోయిందని కిందనుంచి కేక వినబడింది. బావమరిదీ మనుషులూ గుమ్మంలో చేరి నిలబడ్డారు. గోడ మీద ఎండ వాలే దాకా ఆవిడ చెబుతూనే ఉంది. వాచీలాయన పట్టకారు కొరుకుతూనే ఉన్నాడు. చిగుళ్ళు చీరుకుని నెత్తురొచ్చినా తియ్యలేదు.

"వెళ్తాను" అంది చివరికి. "తమ్ముడి దగ్గర ఎత్తడానికి ఇద్దరున్నారు. నీ నడుం ఇంక ఆగదు."

ఆయన పట్టకారు తీసేసి, సరే అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. ఎవరినీ ముట్టనివ్వకుండా తనే వంగి ఆవిడని రెండు చేతుల మీదికి తీసుకున్నాడు. ఉతికి ఆరేసిన చీరంత బరువుంది. మీట వేలి కింద అలాగే ఉంచి, తీగతో సహా గుమ్మం వైపు తిరిగాడు.

అడుగు పడలేదు. కిందికి చూసుకుంటే పాదాలు చీలమండల దాకా గచ్చులో ఉన్నాయి.

"అదేంటి బావా, నువ్వు?" అన్నాడు బావమరిది.

వాచీలాయన ఏమీ లేదన్నట్టు తలాడించాడు. పిక్కలదాకా దిగాడు. ఆయన చేతుల్లోంచే ఆవిడ బొటనవేలు కదిలింది. వెలుగు వరసల వెంట నడిచింది. మొదటి అక్షరానికే మిగతాదంతా ఆయనకి తెలిసిపోయింది. అయినా అందుకోలేదు. చివరిదాకా ఆగాడు.

"ఇప్పుడు నీ వంతు" అంది కంప్యూటర్.

ఆయన ఆవిడని ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇందాకే బాగయింది. కాలేదని అబద్ధం చెప్పాను. నువ్వు పలక్కపోయినా సరే, కదలకుండా పడుంటే చాలనుకున్నాను" అన్నాడు. ఒక కాలు వదులైంది. "నువ్వెళ్ళిపోతే నేను ఎవరి మాట పూర్తి చెయ్యను? నా వల్ల కాదే. నన్నూ తీసుకుపో."

వెలుగు మళ్ళీ బయలుదేరింది. పై వరస నుంచి కింది వరసకి, కింది వరస నుంచి మళ్ళీ పైకి. జవాబు ఏమై ఉంటుందో ఈసారి ఆయనకి నిజంగానే తెలియలేదు. చేతుల్లో భార్యతో, పిక్కలోతు గచ్చులో, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ కుర్రాడిలా నిలబడ్డాడు.

"డ్రైవర్ పక్క సీటు ఖాళీ ఉంటుంది" అంది కంప్యూటర్. "కిటికీ వైపు కూర్చో. గాలి తగులుతుంది."

రెండో కాలు కూడా ఊడి వచ్చింది. బావమరిది కళ్ళు తుడుచుకుని కంప్యూటర్ ఎత్తుకోబోతే, కార్డు కదిలిపోకుండా పట్టుకోరా, గూడు మారితే మళ్ళీ నంబరు మారిపోతుందని వాచీలాయన దారి పొడుగునా పోరుతూ మెట్లు దిగాడు.

కింద, కప్పులోంచి వేలాడుతున్న వాచీలాయన మడమ పైకి వెళ్ళిపోయాక, కిందింటావిడ కాసేపు తలెత్తి చూసి, పొయ్యిని మళ్ళీ పాత చోటికి జరుపుకుంది.