ఎకరానికి నూరు టన్నులు

"జ్ఞానమ్మ కొడుకు సీలింగోళ్లల్ల కలిసిండట. ఎవలకెంత భూమున్నదో రాసుకపోతున్నడట. రేపో మాపో జీపు దిగుతదట" అని పక్కింటి తిరుపతమ్మ కాలువ దగ్గర నలుగురికి చెప్పిందట. ఆ ముచ్చటను జ్ఞానమ్మ జొన్నరొట్టెతో పాటు తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

జీవరాజు నవ్వాడు. రెండో ముక్క విరిచేసరికి నవ్వు పోయింది. రొట్టె వదిలేసి, లోపలికి పోయి గ్రాఫు కాగితం తీశాడు.

హైదరాబాదులో ఎం.ఏ. చదువు. ఈ ఏడు ఎకనామెట్రిక్స్ అని కొత్త పేపరొకటి నెత్తిన పడింది. ఎవరి ఊరికి వాళ్లు పోయి లెక్కలు తెచ్చి, కాగితం మీద చుక్కలు పెట్టి, వాటి నడుమ నుంచి గీత లాగి చూపాలి. సోమవారం ఇవ్వకపోతే పేపరు పోతుంది. పేపరు పోతే స్కాలర్‌షిప్పు పోతుంది.

తన ఊరు కోటగిరి చుట్టూ సైకిలు తొక్కి, భూమెంత, ఫ్యాక్టరీకి తోలిన చెరుకెంత అని అడిగి వచ్చాడు. ఎకరానికి యాభై టన్నులు పండితే గొప్ప అనుకునే చోట నూరు టన్నులు తేలితే కాలువ నీళ్ల మహిమ అనుకుని మురిసిపోయాడు కూడా, చెరుకు బండ్ల మీద పెరిగినవాడు! తోలిన చెరుకుకు ఫ్యాక్టరీ రసీదు ఉంటుంది గనుక దాన్నెవరూ దాచలేదు. ఎక్కువ భూమి ఉంటే సర్కారు గుంజుకుంటుందన్న సీలింగు భయానికి భూమినే సగం చేసి చెప్పారు.

"తప్పులు అటు కొన్ని, ఇటు కొన్ని పడితే గీత నిలబడుతుంది. అన్నీ ఒకే దిక్కు పడితే గీతే అబద్ధం" అని క్లాసులో సారు అన్నప్పుడు బుద్ధిగా తల ఊపాడు.

ఇంట్లో నిలవలేక, లెక్క చెప్పిన రైతుల్లో పెద్దవాడైన బాపురావు పటేలు దగ్గరికి ఉరికాడు.

"పటేలా, నిజం చెప్పుండ్రి. గిది నా పరీక్షకే."

"నిజమే జెప్పిన బిడ్డా. ఎక్కువనిపిస్తే ఇంకింత తగ్గించి రాసుకో" అని పటేలు చాయ్ తాగించి పంపాడు.

తిరిగొచ్చేసరికి తండ్రి ఏసయ్య వాకిట్లో చెరుకు కొట్టే కత్తి నూరుతున్నాడు. ఆ పొలాలన్నింట్లో కోతకు మనుషులను కట్టుకుని పోయేది అతనే.

"బాపూ, ఎవలకెంత భూమున్నదో నీకెరికే గద. నువ్వన్న జెప్పు."

"చెప్పి, ఎల్లుండి ఎవని చెరుకు కొట్టాలె?"

"పోనీ, నాతోటి రా. నేను సర్కారు మనిషిని కానని ఒక్క మాట జెప్పు. నీ మాటయితే అందరూ ఇంటరు."

ఏసయ్య కత్తి ఆపాడు. గడపలోకి వచ్చి నిలబడ్డ జ్ఞానమ్మను ఒకసారి చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"నీ ఫీజు సర్కారే కట్టవట్టె. హాస్టల్ల బువ్వ సర్కారే పెట్టవట్టె. నువ్వు సర్కారు మనిషివి కాదని నేను ఏ నోటితోటి జెప్పాలె?"