గంప అడుగున

ఛీ, ఎంత సబ్బేసి రుద్దినా పోదీ కంపు. కుళ్ళిన టమాటా రసం మోచేతుల దాకా కారి, గోళ్ళలో ఇరుక్కోని, అన్నం కలుపుకున్నా అదే వాసన. చౌడేపల్లె పక్కన ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి పెట్టెలు నింపే పని నాది. అడుగున మెత్తవి, పురుగు పట్టినవి. పైన రెండు వరసలు గట్టివి. మదనపల్లె మండీలో కొనేవాళ్ళు పైవే చూస్తారంట. "నీ చెయ్యి పడితే ఎవురూ కనుక్కోలేరు మే కుసుమా," అంటాడు మా ఆయన లక్ష్మీపతి, వక్కాకు నమిలి నా కాళ్ళ పక్కనే తుపుక్కున ఉమ్మి. ఆ మెప్పు కంటే ఆ ఉమ్మే నయం. పెట్టెల్లో పట్టని మెత్తవి ఆడోళ్ళకు కూర. మా అత్త రెడ్డెమ్మ నోరెత్తకుండా తింటాది, నన్నూ తినమంటాది.

తొంభై ఏడులో కడుపులో బిడ్డ పోయి నేను మదనపల్లె ఆస్పత్రిలో పడుంటే ఈయన రాలా. కోత ఉండాదంట. పక్క మంచంలో ఎవురినో చూడొచ్చిన ఇందిరమ్మక్క, పుంగనూరు చర్చి పాస్టరుగారి భార్య, నా తల నిమిరి ప్రార్థన చేసింది. "కాలాలు మారతాయమ్మా, ప్రభువు మారడు. ఏడ్చుకో," అనింది. ఏడ్చుకోమని నాకు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. అప్పటి నుంచి ఆదివారమైతే ఆ చర్చికని పుంగనూరు బస్సెక్కుతాండాను. "మన ఇండ్లల్లో ఎవురన్నా పోతారా ఆడికి?" అని మా అత్త సణుగుతానే ఉంటాది.

పోయినేడాది కోత పండగ. ఎవురి తొలికాపు వాళ్ళు చర్చికి తెచ్చి అందరి ముందర చాపమీద పోస్తారు. ఆ పొద్దు మా ఆయనే గంప నింపిచ్చినాడు. మురిసిపోయినా, పిచ్చిదాన్ని! చర్చిలో చాపమీద వంచితే పైన ఎర్రటివి నాలుగు దొర్లి, అడుగు నుంచి పురుగులతో, నురగతో కుళ్ళు బొళుక్కున పడింది. పాడేవాళ్ళు ఆపేసినారు. సిగ్గుతో చచ్చిపోయినా. ఇందిరమ్మక్క కొంగు దోపి, నా పక్కన కూచోని, రెండు చేతులా ఆ కుళ్ళు ఎత్తింది. "గింజ చెడిపోలేదులే కుసుమా," అని గింజలు పిండి, బూడిదలో కలిపి విత్తుకోమని నాకే ఇచ్చింది.

ఇంటికొచ్చి నిలదీస్తే పగలబడి నవ్వినాడు. "మీ దేవుడు గూడా అడుగు చూస్తాడా మే?"

వక్కాకు పండ్లతో ఆ నవ్వు.

వానలకు ఆ గింజలు పెరట్లో చల్లినా. చలికాలం మంచుకు ఆకులు నల్లబడి మాడిపోతే, ఇదీ నా కడుపే అనుకొని చెట్ల కాడే కూచోని ఏడ్చినా. అక్క నేర్పిన ప్రార్థన నోటికి రాలా, ప్రభువా, ప్రభువా అని మాత్రం అనుకున్నా. ఎండ మొదలయ్యేటప్పటికి మోళ్ళకు చిగురొచ్చింది, పూత పట్టింది. నా బిడ్డ ప్రభువు దగ్గర సల్లగా ఉండాదని ఆ పొద్దు నమ్మకం కుదిరింది. ఎవురేమన్నా ఆ నమ్మకం నాది.

ఈ పొద్దు మళ్ళీ కోత పండగ. నా చెట్ల కాయలు గంపకెత్తుకున్నా. వాకిట్లో మండీ పెట్టెలు ఖాళీగా పడుండాయి. ఆయనొచ్చి గంపలో చెయ్యి పెట్టి అడుగుదాకా తవ్వినాడు. అన్నీ గట్టివే.

"ఇంత మంచివి ఆడికి ఎందుకు మే? పెట్టెల్లో పైన పేర్చు."

చేతులు కడుక్కోని గంప నెత్తికెత్తుకున్నా.

"పెట్టెలు ఇంక నేను ముట్టను. నీకు పళ్ళెంలో అన్నం పెట్టుండాను, పైన కూరేసి," అన్నా. "అడుగు చూసుకోని తిను."