హన్నా రాసిచ్చిన సంజాయిషీ

ఆ రోజు హిందీవాళ్ల పేట గుఢియారీలోని మా ఇంట్లో నాన్న, అమ్మ, చెల్లి హన్నా, నేను ఉన్నాం. "మద్రాసీ" అని వెక్కిరించిన పిల్ల మీదికి హన్నా రాయి విసిరితే బడి కిటికీ అద్దం పగిలింది. పోలీసులకు చెబుతానని హెడ్‌మాస్టరు కబురు పంపారు.

"మా రైల్వేలో తప్పు చేస్తే సంజాయిషీ రాసిస్తాం. వార్నింగుతో పోతుంది. రాయవే," అన్నాడు నాన్న.

హన్నా అంతా ఒప్పుకుని రాసింది. ఆ కాగితం హెడ్‌మాస్టరు ఇంటికి నేనే తీసుకెళ్లాను.

ఆయన గుమ్మంలోనే చదివి, "తప్పు తనే ఒప్పుకుంది. పోలీసు ఠాణాలో ఇవ్వడానికి ఇది చాలు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరితోనూ మాట్లాడని నేను, వచ్చీరాని హిందీలోనే అడిగేశాను. "పన్నెండేళ్ల పిల్ల సార్. అద్దం మేం వేయిస్తాం. నెల రోజులు బడి ఊడ్చమనండి. ఆ వెక్కిరించిన పిల్లనీ కూర్చోబెట్టి మాట్లాడండి. పోలీసులెందుకు?"

"ఘర్ జావ్," అని ఇంటికి పొమ్మని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆయన తలుపు వేసేశారు.