సిక్స్త్ లైన్ రోడ్డు పూలు

పద్మిని గారి వెనకాల సైకిల్ తొక్కడం కంటే నడిచి వెళ్లడం నయం. ఆవిడ తొక్కేది తక్కువ, దిగేది ఎక్కువ. కెనడాలో ఈ మిల్టన్ ఊరు దాటి సిక్స్త్ లైన్ రోడ్డెక్కగానే రెండు పక్కలా గడ్డిలో పూలు మొదలవుతాయి. ఇక ఆవిడ కాలు పెడల్ మీద నిలవదు. మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా నిద్రపోతున్నవాళ్ల పక్కన కూర్చున్నందుకేమో, ఒంట్లో ఎక్కడా తొందరన్నది లేదు.

ఆ ఆదివారం తేజశ్రీకి మాత్రం ఒళ్లంతా తొందరే. తెల్లారితే నరసరావుపేటలో చెల్లెలు స్నేహ కన్సల్టెన్సీకి వెళ్లి కెనడా కాలేజీకి ఫీజు కట్టేస్తుంది. అక్క చదివిన కాలేజీయే, అదే కోర్సు. ఇక్కడ పొద్దున్న అయితే అక్కడ రాత్రి భోజనాల వేళ. ఇంట్లోవాళ్లు పడుకునేలోపు ఫోన్ చేసి, రావద్దే అని చెప్పాలి. ఆ ఒక్కమాట చెప్పాలంటే ఏడాదిగా దాచిందంతా బయటపెట్టాలి. అక్కడే ఆగిపోతోంది.

దాచింది తక్కువేం కాదు. కోర్సు నిరుడు వేసవికే అయిపోయింది. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పింది. రాలేదు. ఒక గోడౌన్లో ఎప్పుడైనా పిలిస్తే షిఫ్ట్, పిలవకపోతే లేదు. ఉంటున్నది ఒకరి ఇంటి కింద బేస్‌మెంట్‌లో, తనలాంటి మరో ఐదుగురు అమ్మాయిలతో. మొన్నామధ్య ఊళ్లో ఒక కిరాణా స్టోర్‌లో మనుషులు కావాలన్నారని వెళ్తే, క్యూ ఆ బిల్డింగ్ చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది. నిలబడ్డవాళ్లలో సగం మంది తన క్లాసువాళ్లే. ఒకరినొకరు చూసి కూడా చూడనట్టు ఫోన్లలోకి తలలు దించుకున్నారు.

ఈ పూల షికారు మొదలైంది గుళ్లో, ప్రసాదం లైన్లో. పులిహోర రెండోసారి పెట్టించుకుంటున్న పిల్లని పద్మిని గారు చూశారు. ఏమీ అడగలేదు. "మా అమ్మాయి సైకిల్ ఖాళీగా పడుంది, ఆదివారాలు తోడొస్తావా?" అన్నారు. తేజశ్రీ పూల మీద ప్రేమతో వచ్చిందనుకునేరు, అదేం లేదు. తిరిగొచ్చాక ఆవిడ వడ్డించే ముద్దపప్పు కోసం వచ్చింది. మొదటివారం తీసిన ఫొటో ఒకటి అమ్మకి పంపింది. అమ్మ మురిసిపోయి చుట్టాలందరికీ పంపింది. ఆ తర్వాత అమ్మ ఎలా ఉన్నావని అడిగినప్పుడల్లా తేజశ్రీ ఒక పువ్వు పంపడం, అమ్మ ఇంకేం అడక్కపోవడం అలవాటైపోయింది. కన్సల్టెన్సీ నడిపే యోగానంద్ గారైతే వాటిలో ఒకటి పెద్దది చేయించి ఆఫీసు గోడకి పెట్టుకున్నారట. దాని కింద 'మన నరసరావుపేట అమ్మాయి తీసిన కెనడా' అని రాయించారట. ఆ సంగతి విన్న రోజు తేజశ్రీకి అన్నం సహించలేదు.

"తేజా, ఇటు రా! మన జిల్లేడుకి చుట్టం ఇది. ఆకు తుంచితే పాలు కారతాయి చూడు." పద్మిని గారు అప్పుడే సైకిల్ స్టాండ్ వేసేశారు. గులాబీరంగు గుత్తి పక్కన చూపుడువేలు పెట్టి, కాండం, ఆకు, కింద నేల, అన్నీ పడేలా ఫొటో తీశారు.

తేజశ్రీ గడ్డిలో బోర్లా పడుకుని ఫోన్ నేలకి ఆనించింది. అలా తీస్తే పువ్వూ ఆకాశమూ తప్ప మరేమీ పడవు. గడ్డిలో నలిగిన కాఫీ కప్పులు పడవు. ఎదుటి పొలంలో ఇళ్ల స్థలాలు అమ్ముతామన్న బోర్డు పడదు.

"ఆకు లేకుండా పువ్వొక్కటే తీస్తే అది ఏ మొక్కో రేపు ఎలా చెప్తావే?"

"మావాళ్లకి పువ్వు చాలు ఆంటీ." లేచి మోకాళ్లు దులుపుకుంది. "ఇంకా ఎంతదూరం?"

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

పద్మిని గారు నవ్వి, నాలుగు గజాలు తొక్కి, నీలంరంగు చికోరీ పూల దగ్గర మళ్లీ దిగిపోయారు. ఎండెక్కితే ముడుచుకుపోతాయట, ఇప్పుడే తీయాలట. తేజశ్రీ ఆగలేక ఆవిణ్ణి దాటుకుని సర్రున ముందుకెళ్లింది. మలుపు దగ్గర కాలు నేలకి తన్నిపెట్టి ఇంటికి ఫోన్ కలిపింది.

"ఏమే, ఈ వారం పువ్వు ఇంకా రాలేదూ? మీ పెద్దత్త ఇక్కడే ఉంది, చూపించమంటోంది," అంది అమ్మ, హలో కూడా అనకుండా.

"పంపుతానమ్మా. స్నేహ ఏం చేస్తోంది?"

"రేపటికి డ్రెస్ ఇస్త్రీ చేసుకుంటోంది. ముహూర్తం చూసుకుని మరీ కడుతున్నాం. ఇదిగో, అత్తతో మాట్లాడు."

"సిగ్నల్ పోతోందమ్మా," అని పెట్టేసింది. సిగ్నల్ నిక్షేపంలా ఉంది. తనమీద తనకే ఒళ్లు మండి సైకిల్ వెనక్కి తిప్పింది. కొంతదూరం వచ్చి, మళ్లీ ముందుకి తిప్పింది. ఎటు తొక్కినా ఆ మాట గొంతులోనే ఉంది.

"ఏమైంది నీకివాళ? కుదురే లేదు," అన్నారు దగ్గరికొచ్చిన పద్మిని గారు.

"మా చెల్లి వస్తానంటోంది ఆంటీ. ఇక్కడికి, చదువుకి."

"మంచిదేగా?"

"వద్దని చెప్పాలి. నా నోట్లోంచి రావట్లేదు."

ఆవిడ హెల్మెట్ పట్టీ సవరించుకున్నారు. "మేమొచ్చిన రోజుల్లో డాక్టర్లు కావాలని ఎదురొచ్చి పిలిచారమ్మా. మీ రోజులు ఎలా ఉన్నాయో నాకు తెలీదు. సలహా చెప్పడానికి నేను పనికిరాను," అన్నారు నిజాయితీగా. "నువ్వు మాట్లాడు. నేను మెల్లగా వెళ్తుంటా." మెల్లగా వెళ్లడంలో ఆవిణ్ణి మించినవాళ్లు లేరు కదా, ఆ మాట తేజశ్రీకి కాస్త ధైర్యమిచ్చింది.

ఈసారి స్నేహ నంబరుకే చేసింది.

"ఎవరూ లేనిచోటికి వెళ్లు."

"మేడమీదకొచ్చా. చెప్పక్కా."

ఇక ఆపలేదు. ఉద్యోగం లేదని చెప్పింది. బేస్‌మెంట్ గురించి, క్యూ గురించి, ఆదివారం పప్పన్నం గురించి చెప్పింది. ఇప్పుడు ఆ కాలేజీలో కొత్తగా చేరేవాళ్లకి చదువయ్యాక వర్క్ పర్మిట్ కూడా రాదని, యోగానంద్ గారు వస్తుందన్నా నమ్మొద్దని చెప్పింది. పూలని చూసి రావద్దని, ఆ పూల పక్కనే చెత్త ఉంటుందని, తను కావాలనే అది పడకుండా తీసిందని చెప్పింది. ఒక కారు పక్కనుంచి దూసుకెళ్లింది. దుమ్ము కళ్లలో పడినా తుడుచుకోకుండా చెప్పింది.

"వింటున్నావా?"

"అయిపోయిందా?" అంది స్నేహ.

"అయిపోయింది."

"ఉద్యోగం సంగతీ అవన్నీ నాకు తెలీదు. కానీ నువ్వు బాగాలేవని తెలుసు. బస్సెక్కినా, టీ తాగినా సెల్ఫీ పంపేదానివి కదా నువ్వు! నిరుటి నుంచీ ఒక్కటి లేదు. ఇప్పుడేమో అన్నీ పువ్వులే. ఒక్కదాంట్లో నీ చెయ్యి కూడా కనపడదు. అమ్మావాళ్లు పువ్వుల్ని చూస్తున్నారు, నేను నీకోసం వెతుక్కుంటున్నా. ఆ యోగానంద్ గారి గోడ చూసి వస్తున్నాననుకున్నావా? నువ్వొక్కదానివే ఉన్నావని వస్తున్నానే."

తేజశ్రీ చేతిలోంచి సైకిల్ జారి గడ్డిలో పడింది. తనూ దాని పక్కనే కంకర మీద కూలబడి, చున్నీ నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది. ఊరందరినీ నమ్మించిన పూలు ఈ చిన్నదాని దగ్గర ఒక్కరోజూ పనిచేయలేదు. అందుకు సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువ ప్రేమ పొంగుకొచ్చింది.

"వీడియో పెట్టు," అంది స్నేహ.

"ఇప్పుడొద్దులే, ఎండగా ఉంది."

"పెడతావా, పెట్టవా?"

పెట్టింది. స్నేహ ఫోన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూసింది. చాలాసేపు అలాగే చూసింది.

"ఇంత చిక్కిపోయావేంటే?"

"సైకిల్ తొక్కుతున్నానుగా, అందుకే..."

"నోర్ముయ్." మోచేత్తో కళ్లు తుడుచుకుంది స్నేహ. "సరే. రేపు కట్టను. నాన్నకి నేను చెప్పుకుంటా, అమ్మ తిడితే తిట్టనీ. నేను రాను, సరేనా?"

"సరే," అంది తేజశ్రీ. పొద్దున్నించీ గుండెల మీదున్న బరువు దిగింది. అనుకున్న పని అయిపోయినట్టే. లేచి సైకిల్ ఎత్తబోయింది.

"మరి నువ్వెప్పుడొస్తావు?"

తేజశ్రీ చెయ్యి హ్యాండిల్ మీదే ఆగిపోయింది. చెల్లెలు ఏమడిగినా చెప్పడానికి పొద్దున్నించీ మాటలు కూడబెట్టుకుంది. ఇది అడుగుతుందని అనుకోలేదు. తనని తాను కూడా ఇన్నాళ్లూ అడిగి చూసుకోలేదు.

"వచ్చే..." అంది. ఆ తర్వాత ఏ నెల పేరు చెప్పాలో తెలియలేదు. స్నేహ ఫోన్ పెట్టెయ్యలేదు. మేడమీద చీకట్లో, వినడానికి సిద్ధంగా, అలాగే కూర్చుంది.