బ్రేకు కింద మరక

ఇంగ్లండులో మా డార్బీ ఊరి క్లబ్బులో చిన్న రైళ్లు చేస్తాం గానీ నడపం. నడిపితే చక్రాలు అరిగిపోతాయట. వాటిని ఎవరైనా బొమ్మలంటే పోటీల్లో మార్కులేసే మా జడ్జి గాడ్‌ఫ్రీకి ఒళ్లు మండిపోతుంది.

ఆ శనివారం నైజెల్ నాలుగేళ్లు కూర్చుని చేసిన బొగ్గు వ్యాగన్ తెచ్చాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. గాడ్‌ఫ్రీ భూతద్దం పెట్టి రివెట్లన్నీ లెక్కపెట్టి, "బ్రేకు హ్యాండిలు ఇటువైపు ఉండకూడదే!" అన్నాడు.

టీ కోసం వచ్చి కూర్చున్న ముసలాయన ఆర్నల్డ్ తలెత్తాడు. ఒకప్పుడు వ్యాగన్లు బాగుచేసిన మనిషి. "ఇటువైపే ఉండేది నాయనా. దీని అసలు బండిని నేనే బాగుచేశాను."

"ఫోటో ఏదైనా ఉందాండీ?" అన్నాడు గాడ్‌ఫ్రీ.

"ఫోటో ఎందుకయ్యా, ఇదిగో!" అంటూ ఎడమచెయ్యి చాపాడు. చూపుడువేలు లేదు. "ఆ హ్యాండిలు కిందే నలిగిపోయింది."

అందరూ ముందుకు వంగి ఆ చేతినే చూశారు. పోనీ, మావాళ్లకీ గుండె ఉందనుకున్నాను.

"ఏ సంవత్సరం?" అన్నాడు గాడ్‌ఫ్రీ.

"యాభై ఏడు."

నైజెల్ రాసుకున్నాడు. నొప్పి పుట్టిందా అని మాలో ఒక్కడూ అడగలేదు, నాతో సహా.

మరుసటి నెల వ్యాగన్ మళ్లీ వచ్చింది. హ్యాండిలు కింద సూదిమొనంత ఎర్రరంగు. గాడ్‌ఫ్రీ చాలాసేపు చూసి అరమార్కు కోసేశాడు.

"ఆరిపోయిన నెత్తురు ఇంత ఎర్రగా ఉండదోయ్. పక్కనే మనిషి ఉన్నాడుగా, అడిగి చెయ్యొద్దూ?"