దుప్పటి రెండో కొస

ఇంట్లో పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఆవిడకి గడ్డమే మూడో చెయ్యి. మధ్యలో గడ్డంతో నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి కొసలు కలుపుతుంది. "ఆ దుప్పటితో కుస్తీ ఏమిటే! పక్కకి జరుగు, టీవీ కనపడట్లేదు" అంటాడాయన. ఇరవై ఆరేళ్లుగా జరుగుతూనే ఉంది.

ఆవిడ సూపర్‌వైజరుగా ఉన్న ఆసుపత్రి లాండ్రీలో మాత్రం దుప్పటికి ఇద్దరు. "ఎవరికేం కావాలో కనుక్కుని, దాన్ని కలిసి చేసే పనికి ముడిపెట్టమ్మా" అని మేనేజరు, ఒక్కో పేరుకి ఎదురుగా ఆ మాట రాసే గడి ఉన్న కాగితం ఇచ్చాడు. ఎడమొహం పెడమొహంగా ఉండే ఇద్దర్ని ముందు కూర్చోబెట్టింది. పొడుగుపిల్లకి నాలుగింటికల్లా నర్సింగు క్లాసుకి పరిగెత్తాలి. పెద్దక్కకి భుజం లేవదు, కానీ వేళ్లు మెరుపులు.

"నువ్వు ఎత్తు, ఆవిడ మడుస్తుంది. నాలుగుకి ముందే అయిపోతుంది."

"అంటే నా చదువు ఈ ముసలమ్మ చేతిలో ఉందా?"

"నా భుజం నీ పొడుగులో ఉందిలేవే, ఎత్తు!"

వారంలో పని పరుగందుకుంది. చదువైపోతే ఆ పిల్లా వెళ్లిపోతుంది. తను నేర్పినవాళ్లంతా అలాగే, గుమ్మం దాకా వచ్చి, చేతులు పట్టుకుని, వెళ్లిపోయారు. మిగిలేది తనొక్కతే. అందుకే, వేరే ఊళ్లలోని ఆసుపత్రి శాఖలకి తిరిగి పని నేర్పే ఉద్యోగం పడిందని విన్నప్పట్నుంచీ ఆవిడకి కాలు నిలవడం లేదు. ఈసారి వెళ్లేది తనైతే?

సాయంత్రం కాగితం ఇవ్వబోతూ చూస్తే, చివరి వరసలో తన పేరుకి ఎదురుగా ఉన్న గడి అప్పటికే నిండి ఉంది. మేనేజరు రాత. 'కుటుంబ సంతోషం.'

"నన్ను అడగలేదుగా సార్?"

"అడగాలా అమ్మా? అందుకే ఆ ఉద్యోగానికి మీ పేరు రాయలేదు. ఊళ్లు తిరగాలి, ఇల్లు ఎవరు చూస్తారు?"

అందరినీ అడిగింది తను. తన జవాబు మాత్రం ఎప్పుడూ ఇంకెవరో చెప్పేస్తారు. ఇంట్లోనూ అంతే, "దానికేం కావాలి, మేం బాగుంటే చాలు" అని ఆయనే అంటాడు, ఆవిడ అక్కడే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగా. కలం తీసుకుంది. ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన 'శిక్షణ ఉద్యోగం' అని రాసి, సంతకం పెట్టింది.

"పైఆఫీసుకి ఇలాగే పంపండి సార్. పిలిస్తే వెళ్తాను."

ఇంటికొచ్చి, ఆరిన దుప్పటి తీసుకెళ్లి సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడింది.

"జరగవే!"

"జరగను. మీరే లేవండి. మడతపెట్టడం నేర్పుతాను. నేను ఊళ్లు తిరిగితే ఒక్కరే చేసుకోవాలి కదా, గడ్డం ఎక్కడ పెట్టాలో కూడా చూపిస్తాను."